చెమట చెప్పేది సగమే

ఈ నెల శీర్షికకు వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ భాగం ఒకే సంగతి చుట్టూ తిరిగాయి. గుండె, చర్మం, మెదడు ఇచ్చే సంకేతాలను యంత్రంతో కొలిచి మనిషి మనసులో ఏముందో చెప్పవచ్చునా అన్నది ఆ సంగతి. అందువల్ల షుగరు గురించి, కీళ్ళ నొప్పుల గురించి రాసినవారి ప్రశ్నలను వచ్చే నెలకు వాయిదా వేసి ఈసారి వీటికే చోటు ఇస్తున్నాను. సర్వీసులో ఉన్న రోజుల్లో చాలా ఏళ్ళు నగరంలోని ఒక ఆసుపత్రిలో, మెదడు విద్యుత్తును తల మీద నుంచి నమోదు చేసే ఈఈజీ పరీక్ష గది బాధ్యత చూశాను గనుక, అక్కడక్కడ పాత జ్ఞాపకాలు దొర్లితే పాఠకులు మన్నించాలి.

ప్రశ్న: నేను మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. నా చేతి గడియారం రోజంతా నా ‘ఒత్తిడి’ ఎంత ఉందో నూటికి ఇంత అని చూపిస్తుంది. మా తమ్ముడి పెళ్ళిలో, ఇంత సంతోషంగా నేనెప్పుడూ లేననుకుంటున్న సమయంలో, అది 84 చూపించి కాసేపు విశ్రాంతి తీసుకోమంది. చేతిలో ఉన్న ప్రాజెక్టు పోయి, రాత్రంతా నిద్ర పట్టక గోడకేసి చూస్తూ పడుకున్న రోజున 22 చూపించింది. గడియారం చెడిపోయిందా, లేక నా మనసును నేనే తప్పుగా అర్థం చేసుకుంటున్నానా? – ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి

జవాబు: గడియారం చెడిపోలేదు, మీరూ పొరబడలేదు. ఆ అంకెకు పెట్టిన పేరు దగ్గరే వచ్చింది చిక్కంతా.

గడియారం అడుగున ఆకుపచ్చగా మెరిసే చిన్న దీపాన్ని మీరు చూసే ఉంటారు. రక్తం ఆ రంగు వెలుగును బాగా పీల్చుకుంటుంది కాబట్టి, గుండె కొట్టుకున్న ప్రతిసారీ మణికట్టులోని సన్నటి నాళాలలోకి రక్తం పొంగి, చర్మం నుంచి వెనక్కి వచ్చే వెలుగు పిసరంత తగ్గుతుంది. ఒక తగ్గుదలకూ మరొక తగ్గుదలకూ మధ్య ఎంత వ్యవధి ఉందో గడియారం లెక్కపెడుతుంది. నాడి నిమిషానికి 60 సార్లు కొట్టుకుంటోందంటే సరిగ్గా సెకనుకు ఒకసారి అని అర్థం కాదు. ఒక విరామం 0.94 సెకను ఉంటే దాని పక్కది 1.05 సెకన్లు ఉండవచ్చు. దీనికి గడియారం కూడా అక్కరలేదు. ఎడమ మణికట్టు మీద, బొటనవేలి వైపు, కుడిచేతి రెండు వేళ్ళు ఆనించి, అయిదు సెకన్లు ఊపిరి పీల్చి అయిదు సెకన్లు వదలండి. పీల్చేటప్పుడు నాడి కాస్త తొందరపడుతుంది, వదిలేటప్పుడు నెమ్మదిస్తుంది. చిన్న వయసువారిలో ఈ తేడా వేళ్ళకు స్పష్టంగానే తెలుస్తుంది. మెదడు నుంచి గుండెకు వచ్చే వేగస్ నాడి ఊపిరికి అనుగుణంగా పట్టు బిగిస్తూ సడలిస్తూ ఉండడమే దీనికి కారణం. శరీరం తెరిపిగా ఉన్నప్పుడు ఈ హెచ్చుతగ్గులు ఎక్కువగా ఉంటాయి. పరుగుకో పోట్లాటకో శరీరం సిద్ధమైనప్పుడు వేగస్ పట్టు సడలి, సహానుభూత నాడీవ్యవస్థ అని మన పాఠ్యపుస్తకాలు పిలిచేది పైచేయి సాధించి, గుండె వేగంగానూ ఒకే తీరుగానూ కొట్టుకుంటుంది. నాడి వేగం పెరిగి హెచ్చుతగ్గులు తగ్గితే గడియారం దాన్ని ఒత్తిడి అంటుంది. అది కొలిచేది శరీరం ఎంత ఉద్రేకపడి ఉందన్నదే. ఆ ఉద్రేకం ఎందుకన్నది దానికి చేరదు.

ఇక పెళ్ళి సంగతి ఆలోచించండి. తెల్లవారుజామున ముహూర్తం, ముందు రాత్రి నిద్ర లేదు, మండపంలో ఉక్కపోత, పట్టుచీర బరువు, మెట్లు ఎక్కీ దిగీ, మధ్యమధ్య చాయ్, వీటన్నిటి మీద తమ్ముడు తాళి కట్టే క్షణం. గుండె 84 పలకకపోతేనే ఆశ్చర్యపడాలి. గోడకేసి చూస్తూ పడుకున్న రాత్రి మీ శరీరం వెల్లకిలా, కదలకుండా, చల్లటి గదిలో ఉంది. దిగులు ఎప్పుడూ గుండెను పరుగెత్తిస్తుందని లేదు. చాలాసార్లు అది చప్పుడు చేయకుండా కూర్చుంటుంది.

ఈ చిక్కు మనవారికి కొత్తది కాదు. భరతుడు నాట్యశాస్త్రంలో సాత్త్విక భావాలు ఎనిమిది చెప్పాడు: స్తంభం, స్వేదం, రోమాంచం, స్వరభేదం, వేపథువు, వైవర్ణ్యం, అశ్రువు, ప్రళయం. మనసులోని భావం శరీరం మీదకు వచ్చి కనబడే గుర్తులివి. ఇవాళ ప్రయోగశాలలో తీగలు తగిలించి కొలిచేవాటిలో సగం ఈ జాబితాలోనే ఉన్నాయి. అయితే స్వేదం దేనివల్ల పుడుతుందో చెప్పే చోట ఆయన కోపం, భయం, హర్షం, సిగ్గు, దుఃఖం, శ్రమ, రోగం, తాపం అంటూ వరుసగా చెప్పుకుపోతాడు. అంటే కోపం వస్తే చెమట పడుతుందన్నది నిజమే గాని, చెమట పట్టింది కాబట్టి కోపం వచ్చిందనడం కుదరదు. 2006లో రస్సెల్ పోల్డ్రాక్ అనే అమెరికన్ శాస్త్రజ్ఞుడు మెదడు స్కాన్ల విషయంలో తోటి పరిశోధకులను హెచ్చరించింది ఇటువంటి తిరగేసిన తర్కం గురించే. ఒక భావం కలిగినప్పుడు మెదడులో ఒక చోటు చురుకుగా ఉన్నంత మాత్రాన, ఆ చోటు చురుకుగా ఉన్నప్పుడల్లా ఆ భావమే ఉందని తేల్చరాదని ఆయన రాశారు. ఈ ఒక్క మాట గుర్తుంచుకుంటే ఈ నెల మిగిలిన జవాబులు సగం చదివినట్టే.

గడియారాన్ని పారేయమని నేను చెప్పను. ఈ క్షణపు అంకెను పట్టించుకోకుండా, నిద్రలో నమోదైన అంకెల సగటును వారం తర్వాత వారం మీతో మీరే పోల్చుకోండి. జ్వరం రాబోయే ముందు, మద్యం తాగిన రాత్రి, వరుసగా నిద్ర చెడిన రోజుల్లో ఆ సగటు మారడం కనిపిస్తుంది. పక్కింటివారి అంకెతో పోల్చడం మాత్రం అనవసరం.

ప్రశ్న: మా అబ్బాయి తొమ్మిదో తరగతి. మా దగ్గర ఒక కేంద్రంలో తలకు తీగలు పెట్టి ‘బ్రెయిన్ మ్యాపింగ్’ చేసి, పిల్లవాడికి ఎంపీసీ సరిపోతుందా బైపీసీ సరిపోతుందా చెబుతారట. రంగు రంగుల బొమ్మలతో పాతిక పేజీల రిపోర్టు ఇస్తారట. మా బావగారు వాళ్ళ అమ్మాయికి చేయించారు. మేమూ చేయించమంటారా? – ఒక తండ్రి, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: వద్దు. ఎందుకు వద్దో చెప్పాలంటే ఆ తీగలు ఏమి వింటాయో ముందు చెప్పాలి.

ఈఈజీ పరీక్షలో, ముక్కు మొదలు నుంచి తల వెనక ఎముక బొడిపె వరకు టేపుతో కొలిచి, ఆ కొలతలో పదో వంతు, అయిదో వంతు చొప్పున గుర్తులు పెట్టి, ఆ గుర్తుల దగ్గర చిన్న లోహపు బిళ్ళలు అంటిస్తారు. ప్రపంచమంతటా ఇదే లెక్క. దీన్ని పది-ఇరవై పద్ధతి అంటారు. మా గదికి పిల్లలను తీసుకువచ్చే తల్లులు, ఆసుపత్రికి వెళ్తున్నాం కదా అని తలకు కొబ్బరినూనె దట్టంగా పట్టించి, పాపిడి తీసి, జడ బిగించి తెచ్చేవారు. నూనె మీద బిళ్ళ అంటదు, అంటినా కరెంటు అందదు. మా టెక్నీషియను సగం పొద్దు స్పిరిట్ దూదితో తలలు రుద్దడంతోనే సరిపోయేది. అంత శ్రద్ధ దేనికంటే, తల చర్మం మీదకు చేరే మెదడు విద్యుత్తు వోల్టులో పది లక్షల వంతులతో కొలిచేది. మామూలుగా 10 నుంచి 100 మైక్రోవోల్టులు. గోడ గడియారంలో వేసే పెన్సిల్ సెల్లు ఒకటిన్నర వోల్టు. అందులో ముప్పై వేల వంతు మనం వెతుకుతున్నాం. పిల్లవాడు ఒకసారి కళ్ళు ఆర్పితే తెర మీద కొండంత అల లేస్తుంది. పళ్ళు బిగబడితే గీతలన్నీ కలిసి నల్లటి పొదలా అయిపోతాయి. ఆ రెండూ మెదడువి కావు, కంటివీ దవడ కండరానివీ.

కళ్ళు మూసుకుని నెమ్మదించగానే తల వెనక భాగంలో సెకనుకు 8 నుంచి 13 చొప్పున సాఫీగా అలలు వస్తాయి. జర్మనీలోని యేనా నగరంలో హాన్స్ బెర్గర్ అనే మానసిక వైద్యుడు 1924లో మొదటిసారి మనిషి ఈఈజీ గీసి, అయిదేళ్ళు తనలో తాను సందేహపడి, 1929లో ప్రచురించి, ఆ తర్వాత ఆల్ఫా అని పేరు పెట్టింది ఈ అలలకే. కళ్ళు తెరిస్తే అవి మాయమవుతాయి. నేను ఎన్ని వేలసార్లు చూశానో లెక్కలేదు గాని, ఆ మాయమయ్యే క్షణం ఇప్పటికీ నాకు ముచ్చటగానే ఉంటుంది. మెలకువ, మగత, గాఢనిద్ర, మూర్ఛ వంటి స్థితులు ఈఈజీలో పుస్తకం చదివినట్టు చదవవచ్చు. మూర్ఛవ్యాధికి ఇప్పటికీ ఇది ముఖ్యమైన పరీక్ష. నిద్రలో కలలు వచ్చే దశను 1953లో అసెరిన్‌స్కీ, క్లైట్‌మన్ గుర్తించినప్పుడు సాయపడినవి కంటి కదలికల, మెదడు అలల రాతలే. లెక్కలంటే ఇష్టమని చెప్పే అల, జంతుశాస్త్రానికి పనికివస్తావని చెప్పే అల మాత్రం ఏ తలలోనూ లేవు.

రంగుల బొమ్మల రహస్యం కూడా చెబుతాను. ఏ వేగపు అలలు ఎక్కడ ఎక్కువ, ఎక్కడ తక్కువ అన్నది ఒక నమూనా సమూహపు సగటుతో పోల్చి కంప్యూటరు రంగులు వేస్తుంది. ముందురోజు ట్యూషన్ల వల్ల పిల్లవాడికి నిద్ర చాలకపోతే ఆ పటం ఒక రకంగా, హాయిగా పడుకుని వస్తే ఇంకో రకంగా వస్తుంది. నిలకడలేమికి సంబంధించిన ఏడీహెచ్‌డీ విషయంలో రెండు రకాల అలల నిష్పత్తి పనికివస్తుందని 2013లో అమెరికాలో మందులకూ వైద్య పరికరాలకూ అనుమతులిచ్చే సంస్థ ఎఫ్‌డీఏ ఒక పరికరాన్ని సహాయక పరీక్షగా అనుమతించింది. 2016లో అక్కడి న్యూరాలజీ వైద్యుల అకాడమీ ఆ నిష్పత్తిని నమ్ముకుని రోగనిర్ధారణ చేయవద్దని వైద్యులకు సూచించింది. నిర్దిష్టమైన ఒక జబ్బు దగ్గరే ఇంత తర్జనభర్జన ఉండగా, ఇంటర్మీడియట్‌లో ఏ గ్రూపు తీసుకోవాలో పాతిక పేజీల్లో తేల్చి చెప్పేవారి ధైర్యానికి నమస్కారం పెట్టి ఊరుకోవడం మంచిది. వేలిముద్రలు చూసి చదువు చెప్పేవారూ ఈ కోవలోనివారే. మీ అబ్బాయి ఏ పుస్తకం ముందు పెట్టుకుంటే భోజనానికి పిలిచినా లేవడో మీ ఇంట్లో వారికి తెలిసే ఉంటుంది. ఆ సమాచారానికి రుసుము లేదు.

ప్రశ్న: నేను ఉస్మానియాలో న్యాయశాస్త్రం చదువుతున్నాను. నేర పరిశోధనలో లై డిటెక్టర్, బ్రెయిన్ మ్యాపింగ్ పరీక్షలు చేశారని వార్తల్లో చదువుతుంటాము. అవి నిజంగా అబద్ధాన్ని పట్టుకుంటాయా? – ఒక విద్యార్థి, విద్యానగర్

జవాబు: పూర్వం దొంగతనం నేరం మోపబడినవారికి తండుల దివ్యం అనే పరీక్ష ఉండేదని ధర్మశాస్త్రాలు చెబుతాయి. దేవుడి అభిషేక జలంలో నానిన బియ్యం నమిలి ఉమ్మమనేవారు. భయపడినవాడికి నోరెండిపోతుంది, దవడ వణుకుతుంది, గింజలు గీరుకుని నెత్తురు కనిపిస్తే దోషి అని తీర్పు. ఇందులో శరీరధర్మం కొంత ఉంది, భయంలో లాలాజలం తగ్గడం నిజమే. పొరపాటు ఎక్కడంటే నిర్దోషికీ నోరెండుతుంది, పదిమందిలో నిలబెట్టి దొంగవు నువ్వేనా అని అడిగితే ఎవరికి ఎండదు?

1921లో కాలిఫోర్నియాలోని బర్కిలీ పోలీసుశాఖలో జాన్ లార్సన్ రూపొందించిన పాలీగ్రాఫు, అంటే మీరన్న లై డిటెక్టర్, బియ్యం బదులు రక్తపోటును, ఊపిరిని నమోదు చేసింది. తర్వాత అరచేతి చెమట కూడా చేరింది. అరచేతి చెమట గ్రంథులు ఎండకన్నా ఆందోళనకే ఎక్కువగా స్పందిస్తాయి గనుక అది చాలా సున్నితమైన కొలత, సందేహం లేదు. కాని అది అందించేది మళ్ళీ ఉద్రేకమే. 2003లో అమెరికా జాతీయ పరిశోధన మండలి ఈ విషయమంతా తిరగేసి, పాలీగ్రాఫుకు ఉన్న శాస్త్రీయ ఆధారం బలహీనమని, ఉద్యోగుల వడపోతకు దాన్ని నమ్ముకోవడం దేశభద్రతకే ప్రమాదమని చెప్పింది.

మెదడుతో చేసే పరీక్షది కొంచెం వేరు కథ. మనకు అర్థవంతమైనది, అరుదుగా వచ్చేది ఏదైనా కంటబడినప్పుడు సుమారు 300 మిల్లీసెకన్లకు ఈఈజీలో ఒక గట్టు లేస్తుంది. 1965లో శామ్యూల్ సటన్ బృందం ప్రకటించిన ఈ గట్టు నిజమైనది. మా విద్యార్థుల చేత కూడా గీయించేవాళ్ళం. దీన్ని బట్టి ‘ఈ కత్తిని ఇతడు గుర్తుపట్టాడు’ అనవచ్చునేమో గాని, వాడాడనలేము. చంపినవాడూ గుర్తుపడతాడు, చూసినవాడూ గుర్తుపడతాడు, పేపర్లో ఫొటో చూసిన మీరూ నేనూ గుర్తుపడతాము.

న్యాయశాస్త్ర విద్యార్థిగా మీరు తప్పక చదవవలసింది సెల్వి వర్సెస్ స్టేట్ ఆఫ్ కర్ణాటక కేసులో సుప్రీంకోర్టు 2010 మే 5న ఇచ్చిన తీర్పు. మత్తుమందు ఇచ్చి ప్రశ్నించే నార్కో పరీక్ష గాని, పాలీగ్రాఫు గాని, మెదడు విద్యుత్తు పరీక్ష గాని మనిషి అంగీకారం లేకుండా చేయడం రాజ్యాంగంలోని 20(3), 21 అధికరణాలకు విరుద్ధమని ధర్మాసనం తేల్చింది. ఒప్పుకుని చేయించుకున్నా ఆ ఫలితమే సాక్ష్యం కాదు. దాని ఆధారంగా కొత్తగా దొరికిన వస్తువో సమాచారమో మాత్రం చట్టానికి లోబడి కోర్టు ముందుకు రావచ్చు. నోరు విప్పకుండా ఉండే హక్కును, చర్మమూ మెదడూ మాట్లాడకుండా ఉండే హక్కుగా ఆ తీర్పు విస్తరించిందని నా వంటి న్యాయశాస్త్రం చదవనివాడికి అనిపిస్తుంది. తప్పయితే దిద్దండి.

ప్రశ్న: నాన్నగారు స్కూటరు మీద నుంచి పడి, తలకు దెబ్బ తగిలి, పన్నెండు రోజులుగా ఐసీయూలో కళ్ళు తెరవకుండా ఉన్నారు. రోజూ పది నిమిషాలు చూడనిస్తారు. నేను మాట్లాడుతుంటే నర్సమ్మ ‘ఆయనకు వినపడదమ్మా’ అంటారు. నిజంగానే వినపడదా? తెలుసుకునే పరీక్ష ఏదైనా ఉందా? – ఒక కూతురు, మల్కాజ్‌గిరి

జవాబు: అమ్మా, మీ నాన్నగారిని చూడకుండా ఆయన సంగతి నేను చెప్పలేను. ‘వినపడదు’ అని ఎవరూ అంత ఖాయంగా చెప్పగలిగే స్థితి మాత్రం ఇవాళ లేదని చెప్పగలను.

2006లో ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో ఏడ్రియన్ ఓవెన్ బృందం, రోడ్డు ప్రమాదం తర్వాత అయిదు నెలలుగా ఏ స్పందనా లేకుండా ఉన్న 23 ఏళ్ళ యువతిని, మెదడులో రక్తప్రవాహపు మార్పులను చూపే ఎఫ్ఎంఆర్ఐ యంత్రంలో పడుకోబెట్టి, ‘టెన్నిస్ ఆడుతున్నట్టు ఊహించుకో’ అని చెప్పింది. మెదడులో కదలికలకు పథకం వేసే భాగం చురుకైంది. ‘మీ ఇంట్లో గది గదికీ తిరుగుతున్నట్టు ఊహించుకో’ అంటే స్థలాలను గుర్తుపెట్టుకునే భాగం చురుకైంది. ఆరోగ్యవంతుల మెదడుకూ ఆమె మెదడుకూ తేడా కనిపించలేదు. ఇంతకుముందు జవాబుల్లో నేను తిరగేసిన తర్కం అని తప్పుపట్టిన దానికీ దీనికీ తేడా ఉంది. ఇక్కడ యంత్రం ఆమె భావాన్ని ఊహించడం లేదు. చెప్పిన పని, చెప్పినప్పుడు, చెప్పినంతసేపు చేసిందా అన్నదే చూశారు. చేసింది అంటే విన్నది, అర్థం చేసుకున్నది.

2024లో పలు దేశాల ఆసుపత్రులు కలిసి ప్రచురించిన పరిశోధనలో, మంచం దగ్గర ఏ ఆజ్ఞకూ స్పందించని 241 మందిలో 60 మంది, అంటే నలుగురిలో ఒకరు, ఎఫ్ఎంఆర్ఐలోనో ఈఈజీలోనో ఇలా చెప్పిన పని మనసులో చేసినట్టు తేలింది. వారిలో చాలామంది దెబ్బ తగిలి నెలలు గడిచినవారు, ప్రత్యేక కేంద్రాలలో ఉన్నవారు. ఆ లెక్కను పన్నెండో రోజున ఉన్న నాన్నగారికి అలాగే అన్వయించకూడదు. అదే పరిశోధనలో ఇంకొక అంకె ఉంది. మంచం దగ్గర పిలిస్తే పలికిన, చెయ్యి ఎత్తమంటే ఎత్తిన 112 మందికి ఇదే పరీక్ష చేస్తే 43 మందిలోనే యంత్రానికి స్పందన దొరికింది. యంత్రం అవునంటే నమ్మవచ్చు; ఏమీ చెప్పకపోతే దాన్ని కాదన్నట్టుగా తీసుకోకూడదు.

ఈ పరీక్ష ఇంకా పరిశోధన దశ దాటి మామూలు ఐసీయూల్లోకి రాలేదు. డాక్టరుగారిని మీరు అడగవలసినవి వేరే ఉన్నాయి. నాన్నగారికి మత్తుమందు నడుస్తోందా, ఆపి ఎంతసేపయింది, ఆపాక మళ్ళీ చూశారా? మూర్ఛ లోలోపల వస్తూ బయటికి కనిపించకుండా ఉండవచ్చు, దానికి ఈఈజీ తీశారా? మీకిచ్చిన పది నిమిషాల్లో ముందు మీరెవరో చెప్పండి, తర్వాత ఒక్క మాట అడగండి, బొటనవేలు కదపమనో కళ్ళు తెరవమనో. అడిగి పదిహేను సెకన్లు ఊరుకోండి; దెబ్బతిన్న మెదడుకు వ్యవధి కావాలి. కళ్ళు తెరిచిన రోజున, సిబ్బంది సరేనంటే, చిన్న అద్దం ఆయన ముఖం ఎదుట నెమ్మదిగా పక్కకు కదపండి. ఇతర వస్తువులను చూడని చూపు తన ముఖాన్ని అనుసరించడం వైద్యులు ఎరిగినదే. చూసింది చూసినట్టు తేదీ, వేళతో చిన్న పుస్తకంలో రాసి డాక్టరుకు చూపించండి. నర్సమ్మ మీద కోపం పెట్టుకోకండి, ఆమె మీ ఆశ పెరిగి విరగకూడదని అని ఉంటారు. మాట్లాడడం మానకండి.

ప్రశ్న: మా ఆఫీసులో కెమెరాతో ముఖం చూసి ఉద్యోగి ఉత్సాహంగా ఉన్నాడా విసిగి ఉన్నాడా చెప్పే సాఫ్ట్‌వేర్ పెట్టబోతున్నారు. అభ్యంతరం చెప్పవచ్చా? – ఒక ఉద్యోగి, గచ్చిబౌలి

జవాబు: చెప్పండి, రాతపూర్వకంగా చెప్పండి. ముఖం, గొంతు, నాడి చూసి భావాలు ఊహించే వ్యవస్థలను పనిచేసే చోట, చదువుకునే చోట వాడడాన్ని, వైద్య, భద్రతా అవసరాలకు తప్ప, ఐరోపా సమాఖ్య తన ఏఐ చట్టం కింద 2025 ఫిబ్రవరి 2 నుంచి నిషేధించింది. మన దేశంలో అటువంటి నిషేధం లేదు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ఉద్యోగ అవసరాల పేరిట యజమానులకు కొంత వెసులుబాటు కూడా ఇచ్చింది. అందువల్ల చట్టం కన్నా ముందు తర్కం పట్టుకోండి: తెర మీద తప్పు వెతుకుతూ కనుబొమలు ముడిచిన మనిషి విసిగినట్టా, పనిలో మునిగినట్టా? ఈ ప్రశ్నకు ఆ సాఫ్ట్‌వేర్ అమ్మినవారు ఏమంటారో నాకూ రాయండి.

ప్రశ్న: ఆరు నెలలుగా దేని మీదా మనసు నిలవడం లేదు. డిప్రెషన్ అవునో కాదో బ్రెయిన్ స్కాన్‌తో తేల్చుకోవచ్చా? – పేరు వద్దన్న పాఠకుడు, మెహిదీపట్నం

జవాబు: తేలదు. ఎఫ్ఎంఆర్ఐ చూసేది ఆలోచనను కాదు, ఆలోచనకు అయిదారు సెకన్లు వెనకబడి వచ్చే రక్తప్రవాహపు మార్పును. దాన్ని వేల సంఖ్యలో చిన్న ఘనాలుగా విడదీసి లెక్క కడతారు. అన్నిసార్లు లెక్క కడితే యాదృచ్ఛికంగా ఏదో ఒకటి వెలుగుతుంది. 2009లో క్రెయిగ్ బెన్నెట్ అనే పరిశోధకుడి బృందం ఒక చచ్చిన సాల్మన్ చేపను యంత్రంలో పెట్టి, దానికి మనుషుల ఫొటోలు చూపించి, ఆ మనుషుల భావాలేమిటో చెప్పమని అడిగి, గణితం సరిదిద్దకపోతే చేప మెదడులోనూ చురుకుదనం కనిపిస్తుందని చూపింది. ముందు నవ్వించి తర్వాత ఆలోచింపజేసే పరిశోధనలకు ఇచ్చే ఇగ్ నోబెల్ బహుమతిని 2012లో వారికి ఇచ్చారు. కోట్ల రూపాయల యంత్రాన్ని ఎలా నమ్మకూడదో ఒక చేప చెప్పింది.

వైద్యుడు స్కాన్ తీయిస్తే అది గడ్డ వంటి ఇతర కారణాలు లేవని చూసుకోవడానికి. థైరాయిడ్, బి12 రక్తపరీక్షలు చేయించండి. అవి చవక, కొన్నిసార్లు అక్కడే జవాబు దొరుకుతుంది. డిప్రెషన్‌ను నిర్ధారించేది మీతో కూర్చుని మాట్లాడే వైద్యుడే. నిద్ర, ఆకలి, ఆసక్తి, అలసట, చనిపోవాలన్న ఆలోచన, ఇవన్నీ రెండు వారాలకు మించి ఎలా ఉన్నాయో అడుగుతారు. ఎర్రగడ్డ మానసిక వైద్యశాల అనగానే ముఖం చిట్లించుకునే పాత అలవాటు మన నగరంలో ఇంకా పోలేదు గాని, అక్కడి ఓపీలో నిలబడేవారిలో చాలామంది మీలాగే మామూలుగా ఉద్యోగాలు చేసుకునేవారు. ముందు ఫోనులో మాట్లాడాలనుకుంటే టెలి-మానస్ 14416. తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టనక్కరలేదు. ఆరు నెలలు ఎక్కువ కాలం. ఈ వారమే చేయండి.

ప్రశ్న: మా పాపకు ఏడేళ్ళు. మూర్ఛ అనుమానంతో సోమవారం ఈఈజీ రాశారు. షాక్ కొడుతుందని పాప ఏడుస్తోంది. ముందుగా ఏమైనా జాగ్రత్తలున్నాయా? – ఒక తల్లి, ఉప్పల్

జవాబు: షాక్ ఉండదు. తీగలు కరెంటును పంపవు, తలలో ఉన్నదాన్ని అందుకుంటాయంతే. డాక్టరు స్టెతస్కోపు గుండెకు ఏమీ చేయకుండా వింటుంది కదా, అలాగే అని పాపకు చెప్పండి; ఇంట్లో బొమ్మకు దూదిముక్కలు అంటించి ఆడించినా సరిపోతుంది. ఆదివారం రాత్రి షాంపూతో తలస్నానం చేయించి, నూనె రాయకుండా, జడ వేయకుండా తీసుకురండి. రాత్రి ఆలస్యంగా పడుకోబెట్టమనో త్వరగా లేపమనో చెప్పి ఉంటే అలాగే చేయండి, పరీక్షలో నిద్రపోతే కొన్ని జాడలు బాగా పడతాయి. వాడుతున్న మందులు మీ అంతట మీరు ఆపవద్దు. ఖాళీ కడుపుతో తేవద్దు, ఇడ్లీ పెట్టి తీసుకురండి. మధ్యలో కాసేపు గట్టిగా ఊపిరి తీసి వదలమంటారు, కళ్ళ ముందు దీపం మిణుకుమిణుకుమనిపిస్తారు. అప్పుడు తల్లి పక్కనుంటే పిల్లలు భయపడరు. మొత్తం గంటలోపు అయిపోతుంది. బిళ్ళలు తీశాక జుట్టులో తెల్లటి పేస్టు మిగులుతుంది, పొడిగా ఉండగా దువ్వితే వెంట్రుకలు తెగుతాయి. గోరువెచ్చటి నీళ్ళు పోసి రెండు నిమిషాలు నాననిస్తే అదే కరిగిపోతుంది.